కోల బెజ్జం

మూడోసారీ అదే చచ్చింది.
ఏటుకూరు రోడ్డు కోల్డు స్టోరేజీలో
మిరప టిక్కీలు మోసే లిఫ్టు
రెండో అంతస్తు దిగుతూ నడుమ ఆగిపోయింది.
హమాలీలు మెట్ల మీద కూర్చుని
వెలిగించని బీడీలు నములుతున్నారు.
గోడకి అవతల ఆరు డిగ్రీలు,
ఇవతల నలభై అయిదు.
ఘాటుకి అందరం తుమ్ముతున్నాం.

చచ్చింది జానెడు వస్తువు.
పైన అల్యూమినియం చొక్కా,
లోపల పింగాణీ కడ్డీకి చుట్టిన తీగ,
తీగ కదలకుండా సిమెంటు.
బరువుతో లిఫ్టు దిగేటప్పుడు
మోటారే ఎదురు కరెంటు పుట్టిస్తే
ఆ ఉక్రోషమంతా మింగి
వేడిగా ఊదేయడం ఈ రెసిస్టరు ఉద్యోగం.
దిగితే నిప్పు, ఎక్కితే ఊపిరి.
సీజన్లో రోజుకి మూడొందల సార్లు.

"ఇంకా పెద్దది వెయ్యండి, డబ్బు చూడకండి"
అన్నారు ఓనరు రామకోటయ్య గారు.
నాగుల్ మీరా మేస్త్రి తల కూడా ఎత్తలేదు.
"పెద్దదేసినా చచ్చిద్దండీ.
కూర్చున్న పీట సంగతి చూడాలి."

లాలాపేట షాపులో
మూడు శవాల్నీ బల్ల మీద పరిచాడు.
ప్లైవుడ్ మీద బిగించిన మొదటిదాని గురించి
మాట్లాడ్డానికేం లేదు.
చెక్క వేడిని పుచ్చుకోదు,
తనలో తనే ఉడికి పోయింది.
రెండోది ఇనప రేకు మీద,
రంగు కూడా గీకకుండా,
వంకర దాచడానికి తెల్ల పేస్టు
ఇడ్లీ మీద చట్నీలా కుమ్మరించి.
"కాటుకలా రాయాలమ్మాయ్" అన్నాడు.
"సందులో గాలి పోవడానికే అది.
ఎక్కువైతే అదే దుప్పటి."

మూడోదాని దగ్గర ఆగాడు.
అది నేను పెట్టింది.

మందపాటి అల్యూమినియం పలక తెచ్చి
అద్దంలా ఎమరీ పట్టి
పేస్టు కాటుకలానే రాశాను.
ఆ తర్వాత
ఆడపిల్ల బిగించింది కదా, వదులవుద్దిలే
అని ఎవరూ అనకూడదని
ఒంటి బరువంతా రెంచి మీద వేసి
నాలుగు బోల్టులూ
కీచుమనేదాకా తిప్పాను.

బోల్టు చెవి పక్కన
వెంట్రుక లాంటి పగులు.
రంపంతో కోసి చూపించాడు,
చొక్కా వంగింది,
సిమెంటు చిట్లింది,
తీగ ఒక్క చోట తెగింది.
"పైది ముందు వేడెక్కిద్ది, పలక వెనకాల.
అల్యూమినియం సాగినంత ఇనప బోల్టు సాగదు,
పింగాణీ అసలే బిగుసు మనిషి.
తేడా ఎంతంటావ్? వెంట్రుకలో సగం.
ఆ సగం ఎక్కడికి పోవాలి?"

నేను మనసులో లెక్క కట్టాను.
మూడొందలు, తొంభై రోజులు,
ఇరవై ఏడు వేల సార్లు
అది నా బిగింపుతో పోట్లాడింది.
నేనేమో ప్రతి శనివారం వచ్చి
బోల్టు కదల్లేదని మురిసిపోయాను.

మేస్త్రి గుండ్రటి ఆకురాయి తీసుకుని
కొత్తదాని చెవులు రెండింటిని, ఒక వైపు మాత్రమే,
గుండ్రం బెజ్జాల్ని కోలగా అరగదీశాడు.
అతని కుడి బొటనవేలికి వేడి తెలీదు,
ఎప్పుడో కాలి స్పర్శ పోయింది,
అందుకే ఎడమ చేత్తో తడిమి చూసుకుంటాడు.
సాసరు లాంటి వాషర్లు వేసి
రెంచి నా చేతికిచ్చాడు.
"రెండు వేళ్లతో. ఆగాక పావు తిప్పు.
చాలు. చాలన్నానా."

చేయి ఆపడం
బిగించడం కన్నా కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున
నలభై టిక్కీలతో లిఫ్టు దిగింది.
పలక మీద గాలి వణికింది.
ఎక్కింది. దిగింది.
ఆరోసారో ఏడోసారో
చెవి దగ్గర పెట్టి విన్నాను.
టిక్.
భయపడి మేస్త్రి వైపు చూశాను.
"జరిగింది" అన్నాడు తాపీగా,
"దాని చోట అది జరిగింది.
పద, టీ తాగుదాం."

వెనకాల హమాలీ దుర్గారావు
అరవై రూపాయలు బాకీ ఉన్నవాణ్ని
పేరు పెట్టి కేకేస్తున్నాడు.
బీడీ ఇప్పుడు వెలిగింది.